ఓడకు చెవులు మూతపడే క్షణం

ఆస్డిక్ అనే యంత్రానికి పుట్టుకతోనే ఒక లోపం ఉండేది. రెండో ప్రపంచ యుద్ధంలో సరుకు నౌకల గుంపులకు కాపలాగా వెళ్లిన బ్రిటిష్ ఓడలు నీటి అడుగున నక్కిన జర్మన్ జలాంతర్గాముల జాడ తీసింది దీనితోనే. అమెరికన్లు సోనార్ అన్నారు. ఓడ అడుగు నుంచి ఒక శబ్దం నీళ్లలోకి వెళుతుంది, దేనికైనా తగిలితే ప్రతిధ్వనిగా తిరిగొస్తుంది. పోయి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి దూరం, వచ్చిన వైపును బట్టి దిక్కు తెలుస్తాయి. అయితే ఆ శబ్దం అడ్డంగా సాగుతుందే తప్ప నిలువునా కిందికి దిగదు. అందువల్ల ఓడ జలాంతర్గామికి మరీ దగ్గరయ్యేసరికి శబ్దం దాని మీదుగా దాటిపోతుంది. చివరి రెండు మూడు వందల గజాలలో ఓడకు ఏమీ వినిపించదు.

కానీ ఓడ శత్రువు నెత్తిమీదికి వెళ్లాల్సింది సరిగ్గా అప్పుడే. డెప్త్ ఛార్జీలను ఓడ వెనుక అంచు నుంచి దొర్లించేవారు, పక్కలకు కొద్ది దూరం విసిరేవారు. మందు దట్టించిన ఆ పీపాలు సెకనుకు సుమారు 10 అడుగుల చొప్పున మునుగుతాయి. శత్రువు 300 అడుగుల లోతున ఉంటే అక్కడికి చేరడానికి అర నిమిషం పడుతుంది. ఆలోపు కిందివాడు ఎడమకు మళ్లాడా, కుడికి మళ్లాడా అన్నది పైవాడు ఊహించుకోవాల్సిందే. పాతిక అడుగుల లోపు పేలకపోతే జలాంతర్గామి పొట్ట పగలదు.

ఆ యుద్ధం మీద ఇంగ్లిషులో వచ్చిన రెండు పేరున్న నవలలు ఈ చెవుడు మీదే నిలబడ్డాయని నాకు అనిపిస్తుంది. ఒకటి నికొలస్ మోన్సరట్ 1951లో వెలువరించిన ‘ద క్రూయల్ సీ’. రెండోది సి.ఎస్. ఫారెస్టర్ 1955లో రాసిన ‘ద గుడ్ షెపర్డ్’. ఒకే సముద్రం, ఒకే శత్రువు, ఒకే ఆయుధం. ఇద్దరు కెప్టెన్ల పేర్లు కూడా ఒకటే. మోన్సరట్ నాయకుడు జార్జ్ ఎరిక్సన్, ఫారెస్టర్ నాయకుడు జార్జ్ క్రౌజ్. ఆ వినిపించని నిమిషాన్ని ఒకరు ధర్మసంకటంగా చూశారు, మరొకరు లెక్కగా చూశారు. ఏది గొప్ప నవల అని అడిగితే చాలామంది మోన్సరట్ పేరే చెబుతారు. నా మొగ్గు ఫారెస్టర్ వైపు. అయితే తర్వాత చెప్పబోయే ఎరిక్సన్ ఘట్టం దగ్గర మాత్రం నా తీర్పు ప్రతిసారీ తడబడుతుంది.

మోన్సరట్ ఆ ఓడల్లో బతికినవాడు. యుద్ధానికి ముందు శాంతివాది. యుద్ధం వచ్చాక నౌకాదళం వాలంటీర్ రిజర్వులో చేరి, కార్వెట్లనే చిన్న కాపలా ఓడల్లో అట్లాంటిక్ తిరిగి, చివరికి వాటికంటే పెద్దదైన ఒక ఫ్రిగేట్‌కు కెప్టెన్ అయ్యాడు. యుద్ధం జరుగుతుండగానే కార్వెట్ జీవితం మీద చిన్న పుస్తకాలు రాశాడు. ఆ అనుభవమంతా నవలలో ‘కంపాస్ రోజ్’ అనే ఫ్లవర్ తరగతి కార్వెట్ రూపంలో కనిపిస్తుంది. ఫ్లవర్ తరగతి ఓడలకు మూలం తిమింగలాల వేట నౌకల నమూనా. 16 నాట్ల వేగం దాటి పరుగెత్తలేవు. నీటిపైకి తేలిన జర్మన్ జలాంతర్గామి అంతకంటే కాస్త వేగంగానే పోగలదు. అంటే కాపలా కాసేవాడి కంటే దొంగ కాళ్లే చురుకు. చిన్న అలకు కూడా ఓడ దొర్లేది, అన్నం గిన్నె నోటిదాకా వచ్చే లోపు ఒలికిపోయేది. మోన్సరట్ పుటల్లో ఈ తడి, ఈ కంపు, ఈ నిద్రలేమి చదువుతుంటే మన బట్టలకూ అంటుకుంటాయి. ఓడ మీదికి వచ్చే కుర్ర ఆఫీసర్లు ఒకరు పత్రికా రచయిత, ఒకరు బ్యాంకు గుమాస్తా, ఒకరు లాయరు. ఆఫీసర్లలో వృత్తి నావికుడంటూ ఉంటే అది వ్యాపార నౌకల అనుభవం ఉన్న ఎరిక్సన్ ఒక్కడే.

ఫారెస్టర్ అలా కాదు. యుద్ధనౌకను నడిపినవాడు కాదు, రచనే వృత్తిగా బతికినవాడు. నెపోలియన్ కాలపు నావికుడు హార్న్‌బ్లోయర్ కథలతో అప్పటికే పెద్ద పేరు. ‘ద గుడ్ షెపర్డ్’ నాటికి అమెరికాలో స్థిరపడ్డాడు. తన కెప్టెన్‌ని కూడా అమెరికన్‌గానే మలిచాడు. క్రౌజ్ లూథరన్ పాదిరీ కొడుకు. పదోన్నతిలో వెనకబడ్డవాడు. భార్య వదిలి వెళ్లింది. అతని డిస్ట్రాయర్ పేరు ‘కీలింగ్’. కింద మరో మూడు ఓడలు: ఒక బ్రిటిష్ డిస్ట్రాయర్, ఒక పోలిష్ డిస్ట్రాయర్, ఒక కెనడా కార్వెట్. నాలుగు ఓడలు కలిసి 37 సరుకు నౌకలను అట్లాంటిక్ దాటించాలి. మిగతా ముగ్గురు కెప్టెన్లూ రెండేళ్లుగా యుద్ధం చేస్తున్నవాళ్లు. క్రౌజ్‌కు అదే మొదటి యుద్ధం. అయినా హోదాలో పెద్దవాడు కనుక నాయకత్వం అతనిది. ఆ ముగ్గురూ రేడియోలో డిక్కీ, హ్యారీ, ఈగిల్ అనే మారుపేర్ల వెనక గొంతులుగా మాత్రమే వినిపిస్తారు. నవల మొత్తం సుమారు 48 గంటలు. అధ్యాయాలకు నావికుల కాపలా వేళలే పేర్లు.

ఇప్పుడు ఎరిక్సన్ ఘట్టానికి వస్తాను. టార్పెడో దెబ్బకు ఒక నౌక మునిగింది. బతికినవాళ్లు నీళ్లలో తేలుతూ తమవైపు వస్తున్న కంపాస్ రోజ్‌ను చూసి ఊపిరి పీల్చుకున్నారు. అదే సమయానికి ఆస్డిక్ గదిలో ప్రతిధ్వని దొరికింది. జలాంతర్గామి సరిగ్గా ఆ మనుషుల కిందే ఉంది. డెప్త్ ఛార్జి వెనక నుంచే పడుతుంది కనుక ఓడ వాళ్ల మీదుగానే పోవాలి. వేగం తగ్గించి పక్కకు తప్పుకుంటే జలాంతర్గామి జారుకుంటుంది, ఆ రాత్రికే ఇంకో నౌకను ముంచుతుంది. ఎరిక్సన్ దాడికి ఆజ్ఞ ఇచ్చాడు. నీళ్లలోని మనుషులు పేలుడుకు చచ్చిపోయారు. తర్వాత జలాంతర్గామి ఆనవాలు ఒక్కటీ తేలలేదు.

దీని బలం మోన్సరట్ వర్ణనలో లేదు. ఆయన ఒక్కోసారి ఎక్కువే వర్ణిస్తాడు, ఎక్కువే వివరిస్తాడు. బలమంతా ఆ యంత్రం కట్టుబాటులో ఉంది. ఆస్డిక్ నిలువునా కిందికి వినలేదు, బాంబు ఓడ వెనక, పక్కల మాత్రమే పడుతుంది. ఈ రెండు ఇంజనీరింగ్ నిజాల మధ్య ఇరుక్కుని మనిషి హంతకుడయ్యాడు. యుద్ధ నవలల్లో నైతిక సంకటాలు సాధారణంగా రచయిత పేర్చి పెట్టినట్టు ఉంటాయి. ఇక్కడ పేర్చినది ఆయుధం. 1953లో ఈలింగ్ స్టూడియో తీసిన సినిమాలో ఎరిక్సన్‌గా వేసిన జాక్ హాకిన్స్ కళ్లలో నీళ్లు ఈ ఘట్టం కోసమే. నలుపు తెలుపు చిత్రాల కాలంలో ఒక బ్రిటిష్ ఆఫీసరు తెరమీద ఏడవడం చిన్న సంగతి కాదు.

అదే యంత్రాన్ని ఫారెస్టర్ ఎలా వాడాడో చూడండి. క్రౌజ్ వేటలో దిక్కు, దూరం, చుక్కాని ఆజ్ఞ, తిరిగిన కోణం, మళ్లీ దిక్కు, మళ్లీ దూరం... ఇలా పుటల తరబడి సాగుతుంది. తొలిసారి చదివే పాఠకుడు విసుక్కుంటాడు. ఇరవై ముప్పై పుటల తర్వాత ఏదో మారుతుంది. అంకెలు తగ్గుతున్న కొద్దీ మన గుండె వేగం పెరగడం మనకే తెలుస్తుంది. ప్రతిధ్వని ఆగిపోతుంది. కిందివాడు ఎటు తిరుగుతాడు? కిందటిసారి కుడికి తిరిగాడు, కనుక ఈసారి ఎడమకా? లేక నేను అలా అనుకుంటానని వాడికి తెలుసు కనుక మళ్లీ కుడికేనా? క్రౌజ్ ఒక నిర్ణయం తీసుకుంటాడు, బాంబులు పడతాయి, నీళ్లు తెల్లగా లేస్తాయి, ఏమీ దొరకదు. మళ్లీ మొదలు. ఇక్కడ నేరం లేదు, కన్నీళ్లు లేవు. ఒక మనసు, కంటికి కనపడని ఇంకో మనసును ఊహించడానికి పడే శ్రమ ఉంది. ఆ శ్రమ ఎంత నిజమైనదో చెప్పడానికి ఫారెస్టర్ ఒక్క విశేషణం కూడా అదనంగా వాడడు.

ఈ వేటకు వెనక ఇంకో లెక్క ఉంది. క్రౌజ్ జలాంతర్గామి వెంట పడ్డంతసేపూ గుంపు ముందు అతని స్థానం ఖాళీ. ఆ సందులోంచి ఇంకొకడు దూరవచ్చు. వేటాడాలా, కావలి కాయాలా? నాలుగు ఓడలతో 37 నౌకల చుట్టూ కంచె కట్టడం అసలు సాధ్యమయ్యే పని కాదు. నౌకలు తక్కువ పొడవున్న వరసల్లో, పక్కపక్కన ఎక్కువ వెడల్పుతో ప్రయాణించేవి. ఆ వెడల్పు మైళ్లలో ఉంటుంది. ఆస్డిక్ చూపు ఒక మైలు చిల్లర. ఫారెస్టర్ ఈ అసాధ్యాన్ని గురించి ఉపన్యాసం ఇవ్వడు. క్రౌజ్ ప్రతి మలుపులోనూ అది ఉంటుంది. బైబిలు వాక్యాలు అతని తలలో అదే పనిగా తిరుగుతుంటాయి. కొందరు విమర్శకులకు ఇది అతికించిన భక్తిలా కనిపించింది. నాకు మాత్రం అలసిపోయిన మనిషి చిన్నప్పుడు కంఠస్థం చేసినవి ఆసరాగా పట్టుకోవడంలా కనిపిస్తుంది. నిలబడి నిలబడి కాళ్లు వాచిపోతే బూట్లు విప్పి ఇంటి చెప్పులు వేసుకోవడానికి అతను పడే సంకోచం మాత్రం ఏ వాక్యానికీ తీసిపోదు. సిబ్బంది ముందు కెప్టెన్ మర్యాద పోతుందేమోనని అతని బెంగ.

కాలం విషయంలో ఇద్దరూ రెండు చివర్లు పట్టుకున్నారు. మోన్సరట్ 1939 నుంచి 1945 దాకా ఏడాదికో భాగం చొప్పున రాశాడు. కాపలా ఉద్యోగం ఎంత విసుగో ఆ పొడవుతోనే తెలుస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ పనిముట్లు మారడం కూడా కనిపిస్తుంది. తొలిరోజుల్లో జర్మన్లు రాత్రిపూట నీటిపైకి తేలి గుంపులోకే చొరబడేవారు. పైకి తేలినదాన్ని ఆస్డిక్ పట్టలేదు. 1941లో కొత్త రాడార్ ఓడలెక్కాక ఆ ఆట కట్టడం మొదలైంది. తర్వాత బాంబులను ముందుకు విసిరే హెడ్జ్‌హాగ్ అనే ఆయుధం వచ్చింది. ప్రతిధ్వని ఇంకా వినిపిస్తుండగానే దెబ్బ వేయగలిగారు. లివర్‌పూల్‌లో గిల్బర్ట్ రాబర్ట్స్ అనే ఆఫీసరు, నౌకాదళ మహిళా విభాగానికి చెందిన అమ్మాయిలతో కలిసి నేలమీద గళ్లు గీసి, వేట ఎత్తులు ఆడించి చూసి, కాపలా కెప్టెన్లకు పాఠాలు చెప్పాడు. పెద్ద గుంపుకు చుట్టుకొలత అంతగా పెరగదు కనుక నౌకలు ఎక్కువున్నా నష్టం తక్కువేనని భౌతిక శాస్త్రవేత్త ప్యాట్రిక్ బ్లాకెట్ బృందం లెక్కగట్టింది. 1943 మే ఒక్క నెలలోనే జర్మన్లు 41 జలాంతర్గాములు పోగొట్టుకున్నారు. నౌకాధిపతి డోనిట్జ్ చిన్న కొడుకు కూడా ఆ నెలలోనే పోయాడు. ఆ నెలాఖరులో డోనిట్జ్ తన జలాంతర్గాములను ఉత్తర అట్లాంటిక్ దారుల నుంచి వెనక్కి పిలిచాడు. ఇంత మార్పును ఒక కథలో పట్టుకోవడానికి మోన్సరట్ పొడవు తప్పనిసరి. అమెరికా యుద్ధంలోకి దిగిన తొలిరోజుల్లోనే ఆగిపోయే ఫారెస్టర్ నవలకు ఆ వీలు లేదు.

కానీ పొడవు మోన్సరట్‌కు ఒక చెడ్డ పని కూడా చేసిపెట్టింది. సెలవుల్లో ఒడ్డుకు దిగినప్పుడల్లా కథ నీరసపడుతుంది. లాయరు మొరెల్ నటీమణి భార్య, పత్రికా రచయిత లాక్‌హార్ట్ ప్రేమించిన జూలీ. ఒకతె మోసం చేయడానికి, మరొకతె చచ్చిపోవడానికి పుట్టినట్టు రాశాడు. ఆడవాళ్లు ఆయన నవలలో మనుషులు కాదు, ఒడ్డున జరిగే వాతావరణ మార్పులు. సినిమా స్క్రిప్టు రాసిన ఎరిక్ ఆంబ్లర్ జూలీని చంపకపోవడం మంచి సవరణ. ఫారెస్టర్ ఆడవాళ్లను ఇంతకంటే బాగా రాశాడని కాదు. క్రౌజ్ భార్య జ్ఞాపకంలో కొన్ని వాక్యాలే. కానీ ఆ కొన్ని వాక్యాలు కెప్టెన్ నిలబడే బ్రిడ్జి దాటి పోవు కనుక నష్టమూ కొంచెమే.

శత్రువును చూపించిన చోటే మోన్సరట్ నాకు బాగా నిరాశ కలిగిస్తాడు. నవల మొదట్లోనే ఈ కథలో దుర్మార్గం సముద్రానిదేనని చెప్పేస్తాడు. పేరు కూడా అదే. బాగుంది. మరి కంపాస్ రోజ్ ఒక జలాంతర్గామిని ముంచి దాని కెప్టెన్‌ని పైకి లాగినప్పుడు మనకు ఎదురయ్యేది సినిమా నాజీ. గర్వం, ధిక్కారం, ఎరిక్సన్ కోపం. సముద్రం మీద మోపిన నేరం ఒక్కసారిగా ఒక జాతి మీదికి మళ్లుతుంది. యుద్ధం ముగిసి ఆరేళ్లే అయింది కదా అంటే ఒప్పుకుంటాను, కానీ నవల దెబ్బతిన్న మాట నిజం. ఫారెస్టర్ ఆ ఉచ్చులో పడలేదు. అతని జర్మన్‌కు ముఖం లేదు. వాడు ఎటు తిరుగుతాడన్నదే వాడి పాత్రచిత్రణ. క్రౌజ్ వాడిని ద్వేషించే తీరిక లేనివాడు. బతికి బయటపడే నైపుణ్యాన్ని చూసి మనసులో గౌరవించే క్షణాలు కూడా ఉన్నాయి. మోన్సరట్ వైపు నా మొగ్గు తగ్గడానికి కారణం ఇదే.

అయితే కంపాస్ రోజ్ మునిగే రాత్రి గురించి ఒక మాట చెప్పకపోతే అన్యాయం. టార్పెడో తగిలాక తెప్పల మీద, తెప్పలు పట్టుకుని, చలిలో తెల్లవార్లూ ఒక్కొక్కరే ఎలా చనిపోయారో మోన్సరట్ వరసగా రాస్తాడు. ఎవరు ధైర్యంగా, ఎవరు పిరికిగా, ఎవరు తెలియకుండా. తీర్పు చెప్పడు. ఈ పుటల సరసన పెట్టదగినది ఫారెస్టర్‌లో లేదు. అదే ఏడాది, 1955లో, అలిస్టర్ మెక్లీన్ రాసిన ‘హెచ్.ఎం.ఎస్. యులిసిస్’ ఇలాంటి మరణాలను ఇంకా పెద్ద గొంతుతో చెప్పింది. తుపాను, మంచు, వీరత్వం, అన్నీ పతాక స్థాయిలోనే. నాలుగో అధ్యాయానికే చెవులు గింగురుమంటాయి.

ఇద్దరికీ సమానంగా అంటగట్టదగ్గ లోటు ఒకటుంది. ఇద్దరూ కాపలాదారు బ్రిడ్జి మీద నిలబడి చూశారు. కాపలా కాయబడినవాళ్లు దూరంగా నల్లటి ఆకారాలు, లేదా నూనెలో ఈదే తలలు. బ్రిటన్ వ్యాపార నౌకల్లో పనిచేసిన నావికుల్లో దాదాపు నాలుగో వంతు హిందుస్థానీలు. చాలామంది ఇంజను గదుల్లో బొగ్గు ఎగదోసేవాళ్లు. తెల్ల నావికుడి జీతంలో కొంత భాగమే వాళ్ల జీతం. 1939లో యుద్ధం మొదలవగానే బ్రిటిష్ రేవుల్లో సమ్మెలు చేసింది ఆ తేడా మీదే. వాళ్లలో 6,000 మందికి పైగా యుద్ధంలో చనిపోయారు. టార్పెడో ఎక్కువగా తగిలేది ఓడ నడుముకు, అంటే వాళ్లు పనిచేసే చోటికే. ఎరిక్సన్ ఘట్టంలో నీళ్లలో ఈదుతున్న తలలకు పేర్లు ఉండి ఉంటే ఆ ఘట్టం ఎలా ఉండేదా అని నాకు ఒక ఊహ వస్తుంటుంది.

కాపలా లేకపోతే ఏమవుతుందో మన తీరానికి తెలుసు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాన్ విమానాలు బాంబులు వేసిన సంగతి మన పెద్దలు చెప్పగా విన్నదే. ఆ రోజే మన తీరానికీ ఒరిస్సా తీరానికీ ఎదురుగా, కాపలా ఓడల్లేకుండా విడివిడిగా పోతున్న 20 దాకా వ్యాపార నౌకలను అడ్మిరల్ ఒజావా దళం ముంచేసిన సంగతి అంతగా వినపడదు. రెండేళ్లకు పరిస్థితి మారింది. 1944 ఫిబ్రవరి 11న కొలంబో నుంచి కలకత్తా వెళుతున్న నౌకల గుంపు మీద విశాఖపట్నం దగ్గర్లో జపాన్ జలాంతర్గామి ఆర్ఓ-110 దాడి చేసి ఆస్ఫాలియన్ అనే నౌకను దెబ్బతీసింది. కాపలాగా ఉన్న రాయల్ ఇండియన్ నేవీ ఓడ ‘జమునా’, ఆస్ట్రేలియా ఓడలు లాన్సెస్టన్, ఇప్స్‌విచ్ కలిసి దాన్ని అక్కడే ముంచాయి. జలాంతర్గామిలో ఒక్కరూ మిగల్లేదు. ఆ ఏడాది ఆగస్టులో మన నది పేరున్న ‘గోదావరి’, బ్రిటిష్ ఓడ ఫైండ్‌హార్న్‌తో కలిసి సీషెల్స్ దగ్గర జర్మన్ జలాంతర్గామి యు-198ను ముంచింది. జమునా బ్రిడ్జి మీద కూడా ప్రతిధ్వని ఆగిపోయే ఆ అర నిమిషం ఉండే ఉంటుంది. దాన్ని తెలుగులో రాయాలనుకునేవాళ్లకు ఫారెస్టర్ పద్ధతి ఎక్కువ పనికొస్తుందనుకుంటాను. అంకెలు ఏ భాషలోనైనా ఒకేలా పలుకుతాయి.

సినిమాల సంగతి రెండు ముక్కల్లో. చార్లెస్ ఫ్రెండ్ తీసిన ‘ద క్రూయల్ సీ’ నవలకు తమ్ముడిలా ఉంటుంది, ఒడ్డు కథలు తగ్గడం వల్ల కొన్నిచోట్ల అన్నను మించుతుంది. ‘ద గుడ్ షెపర్డ్’ ఆధారంగా టామ్ హాంక్స్ స్క్రిప్టు రాసి నటించిన ‘గ్రేహౌండ్’ 2020లో వచ్చింది. గంటన్నరలో పరుగెత్తే చిత్రం. ఆజ్ఞల సంగీతం చక్కగా పట్టుకుంది. కానీ జర్మన్ జలాంతర్గామి రేడియోలో తోడేలులా ఊళవేసి వెక్కిరించే సన్నివేశాలు పెట్టి, ఫారెస్టర్ జాగ్రత్తగా ముఖం లేకుండా దాచిన శత్రువుకు వేషం కట్టింది. ఆ వెక్కిరింత వినపడగానే క్రౌజ్ ఎదుట ఉన్నది మనసు కాదు, విలన్ అయిపోయాడు.

ఈ రెండింటిలో ఒకటే చదివే తీరిక ఉన్నవాళ్లకు ఫారెస్టర్‌ని చెబుతాను. రెండూ చదవగలిగితే ముందు మోన్సరట్‌ని చదవండి. అతను పనిముట్లు, ఓడలు, వాతావరణం అన్నీ విడమరిచి చెబుతాడు కనుక తర్వాత క్రౌజ్ నోటి నుంచి వచ్చే ప్రతి అంకె అర్థమవుతుంది. అయిదేళ్లకు పైగా సముద్రం మీద తిరిగి ఎరిక్సన్, లాక్‌హార్ట్ ముంచిన జలాంతర్గాములు రెండే. చివర్లో ఆ లెక్క వేసుకున్నప్పుడు వాళ్లకు అది తక్కువగా తోచదు. క్రౌజ్‌తో రెండు రోజులు గడిపి వచ్చిన పాఠకుడికి కూడా తోచదు.